నెమ్మది పందెం

ఆ అమ్మాయి డబ్బా మూత తీసేదాకా అందులో ఎవరివో పళ్ళు ఉంటాయనే అనుకున్నాడు అతను.

అనుకోవడంలో తప్పేం లేదు. అది కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబ్. అక్కడికి డబ్బా పట్టుకుని వచ్చేవాళ్ళంతా ఒకటే తెస్తారు. తాతగారి పళ్ళు విరిగాయనో, నాన్నమ్మ పళ్ళు వదులయ్యాయనో చెబుతారు. అందుకే తలెత్తకుండానే అడిగాడు.

"పైవా, కిందివా?"

"కిందివే అనుకుంటా. చక్రాలు కదా!"

తలెత్తాడు. డబ్బాలో, దూది మీద, అరచేతిలో పట్టేంత ఆకుపచ్చ రైలింజను పడుకుని ఉంది. ఇంజన్ని చూసి అతని కళ్ళు మెరిశాయి. ఇంజను తెచ్చిన మనిషిని చూసి ఒళ్ళు మండింది. నీలం యూనిఫాం, జేబు మీద సిటీ బస్సు గుర్తు. పొద్దున తను పరిగెత్తుకొస్తుంటే, అద్దంలో చూసి కూడా ఆపకుండా పోయిన బస్సు డ్రైవరు ఈవిడే.

"మీరా!"

"నేనే. మనం ఇంతకుముందు కలిశామా?"

"కలవలేదు. కలిసేలోపే మీరు బస్సు లాగించేశారు."

ఆమె కాస్త ఆలోచించింది. "ఓ... ఎర్ర గొడుగు! స్టాప్‌లో నిలబడితే ఎందుకు ఆపనండీ? మీరేమో వీధి మలుపు దగ్గర్నుంచి గొడుగు ఊపుతూ వస్తున్నారు. బస్సులో ఎవరికో టాటా చెబుతున్నారనుకున్నా."

"టాటా చెప్పేవాడు అంతలా పరిగెత్తుతాడా?"

"కొందరికి ప్రేమ ఎక్కువుంటుంది."

లోపలి గదిలోంచి కిసుక్కున నవ్వు వినిపించింది. అది అక్క. ల్యాబ్ అక్కది. సొంత తమ్ముడు కాబట్టి అతనికి అక్కడ జీతం తక్కువ, చీవాట్లు ఎక్కువ.

"రైలు మోడళ్ళ క్లబ్ ప్రెసిడెంట్ గారు పంపారు," అంది ఆమె. "రైలు బొమ్మలకి మిమ్మల్ని మించిన డాక్టర్ లేడన్నారు."

"బొమ్మ అనకండి. మోడల్ అనాలి."

"అబ్బ, మా నాన్నా ఇంతే! బొమ్మ అన్నానని ఒకసారి ఒక పూట భోజనం మానేశాడు."

అతనికి ఆ నాన్నెవరో చూడకుండానే నచ్చేశాడు.

ఇంజన్ని తిరగేసి స్పాంజి మీద పడుకోబెట్టాడు. కరెంటు డబ్బా నుంచి వచ్చే రెండు తీగల కొసల్ని చక్రాలకు ఆనించాడు. చక్రాలు ఒక చుట్టు తిరిగి, వణికి, ఆగిపోయాయి.

"పట్టాల మీద పెడితే?"

"కుంటుతుంది. వేలితో తోస్తే కాస్త దూరం పోయి మళ్ళీ మొరాయిస్తుంది."

"పట్టాల నుంచి కరెంటు చక్రాల్లోకి రావాలి. చక్రాల నుంచి, ఇదిగో ఈ సన్నటి రేకుల్లోకి. అక్కణ్ణించి మోటారులోకి. దారిలో ఎక్కడ మురికున్నా..."

"ట్రాఫిక్ జామ్."

"అంతే."

పళ్ళకు వాడే భూతద్దం కళ్ళకు తగిలించుకుని, సన్నటి పట్టకారుతో ఇరుసు దగ్గర గెలికాడు. నల్లటి నూనె జిగురు. దాని మధ్యలో ఏదో చుట్టుకుని ఉంది. మెల్లగా లాగితే, లాగినకొద్దీ వస్తూనే ఉంది. పొడుగాటి వెంట్రుక. అతను దాన్ని దీపం ముందు పట్టుకుని, ఆమె జడ వంక చూశాడు.

"మీ నాన్నగారిదా?"

"ఆయనకి బట్టతల," అంది ఆమె జడ వెనక్కి తోసుకుంటూ. బుగ్గలు మాత్రం ఎర్రబడ్డాయి.

"రెండు వారాలు ఇక్కడ ఉంచేసి వెళ్ళండి. తీరికగా చూస్తాను."

"అంత టైం లేదండీ," అంది. ఆ గొంతులో అప్పటిదాకా ఉన్న వేళాకోళం లేదు. "వచ్చే ఆదివారం లోపల ఇది నడవాలి."

విషయం ఇది. ఆమె నాన్న సినిమా హాల్లో ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా పనిచేసి రిటైరయ్యాడు. క్లబ్‌లో అందరూ ఆపరేటర్ గారనే పిలిచేవారు. ఇంట్లో ఒక గది నిండా టేబులు, దాని మీద పట్టాలు, స్టేషన్లు, సొరంగం, అన్నీ ఆయన చేతులతో చేసినవే. కిందటేడు గుండె ఆపరేషన్ అయింది. డాక్టర్లు బాగానే ఉన్నావన్నారు. ఆయన మాత్రం ఒప్పుకోలేదు. చేతులు కాస్త వణుకుతున్నాయని స్క్రూడ్రైవర్ పక్కన పడేశాడు. కిటికీ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండిపోయాడు.

"ఇంజను అరిగిపోయింది, నేనూ అరిగిపోయాను అంటాడు," అంది ఆమె. "పట్టాలన్నీ ఊడదీసి క్లబ్‌కి ఇచ్చెయ్యమన్నాడు. ఆదివారం పందెం అయ్యాక వాళ్ళు పెట్టెలు తెచ్చుకుని మా ఇంటికొస్తారు. ఆ గది ఖాళీ అయిపోతే ఇంక మా నాన్న లేవడండీ. నాకు తెలుసు."

అతను వెంట్రుకను కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేశాడు.

"పందెంలో దీన్ని నడిపిస్తారా?" అన్నాడు.

"నేను నడిపిస్తా. నాన్నని ఎలాగోలా తీసుకొచ్చి కూర్చోబెడతా. తన ఇంజను బాగా నడవడం కళ్ళారా చూస్తే మనసు మారుతుందేమో."

ఇక్కడ ఆ పందెం గురించి చెప్పాలి. ప్రపంచంలో పందెమంటే ముందు వచ్చినవాడు గెలుస్తాడు. ఈ క్లబ్ వాళ్ళు అలాంటి మామూలు మనుషులు కాదు. పొడుగాటి బల్ల మీద పట్టాలు పక్కపక్కనే పరుస్తారు. అన్ని ఇంజన్లూ ఒకేసారి బయల్దేరతాయి. అందరికంటే ఆఖర్న చేరినదానికి బహుమతి. మధ్యలో ఒక్క క్షణం ఆగినా అవుట్. పరిగెత్తడం ఏ ఇంజనైనా పరిగెత్తుతుంది. ఆగకుండా, అదరకుండా, నత్తలా నడవాలంటే లోపల ఒక్క నలుసు కూడా ఉండకూడదు. దీని పేరు నెమ్మది పందెం.

ఆ మర్నాటి నుంచి డ్యూటీ అయిపోగానే ఆమె ల్యాబ్‌కి రావడం మొదలుపెట్టింది. అతను బస్సు కోసం ముందే స్టాప్‌లో నిలబడటం మొదలుపెట్టాడు. అక్క ఇవన్నీ గమనించి ఏమీ అనకుండా ఉండటం మొదలుపెట్టింది. అక్క ఏమీ అనకపోతే భయపడాలని అతనికి చిన్నప్పటి నుంచి తెలుసు.

చక్రాలను స్పిరిట్‌తో తుడిచాడు. చక్రాలకు ఆనని రేకుల్ని సూదితో వంచి ఆనేలా చేశాడు. పళ్ళ అచ్చులు కడిగే మిషన్లో పళ్ళచక్రాలు వేసి కడిగాడు.

"నూనె ఇంత పోశారేంటండీ! ఇరుసుకి సూదిమొనంత చాలు."

"నేనే పోశా," అంది ఆమె చిన్న గొంతుతో. "నాన్న చూడటం మానేశాక పాపం ఆరిపోతుందేమోనని... రోజూ కాస్త."

"రోజూనా!"

"తిట్టకండి. ప్రేమతో పోశా."

"మీకూ ప్రేమ ఎక్కువే."

అనేశాక నాలుక కరుచుకున్నాడు. ఆమె కిటికీలోంచి బయట పడుతున్న వానను చాలా శ్రద్ధగా చూసింది. అందులో అంత చూడాల్సిందేమీ లేదు.

ల్యాబ్ బల్ల మీద జానెడు పట్టా ముక్క వేసి, తన ఇంజనుతో ఆమెకు కంట్రోలర్ నేర్పబోయాడు. అతను మీట తిప్పితే ఇంజను ఎగిరి దూకింది. ఆమె తిప్పితే, కదిలిందా లేదా అని వంగి చూడాల్సి వచ్చింది.

"ఎలా చేశారు?"

"బస్సు నిండా నిలబడ్డ ముసలమ్మలు ఉంటారండీ. ఒక్కరు తూలినా నన్ను ఏడు తరాలు కలిపి తిడతారు. వాళ్ళ దగ్గర నేర్చుకున్నా."

అతను నోరు వెళ్ళబెట్టి ఆ చెయ్యి వైపే చూస్తూ ఉండిపోయాడు. "ఇంజను అటుంది," అని ఆమె గుర్తుచేయాల్సి వచ్చింది.

ఇంత చేసినా ఆకుపచ్చ ఇంజను పూర్తిగా దారికి రాలేదు. నడుస్తోంది, కానీ లోపల మోటారు గొణుగుతోంది. శుక్రవారం సాయంత్రం మోటారు విప్పక తప్పలేదు. పాతకాలం మోటారు. పక్కన, అగ్గిపెట్టెలో సగం సైజున్న అయస్కాంతం.

"దీన్ని ఊరికే తియ్యకూడదు. తీస్తే బలం తగ్గిపోతుంది," అని చెబుతూ, తీసిన అయస్కాంతానికి వెంటనే ఒక ఇనప ముక్క అతికించాడు. అరిగిన కార్బన్ ముక్కలు తీసి కొత్తవి పెట్టాడు. కరెంటు అందుకునే రాగి బిళ్ళను పిల్లల పళ్ళు తోమే బ్రష్‌తో తోమాడు. ఇక అయస్కాంతాన్ని మళ్ళీ లోపల పెట్టడమే మిగిలింది.

సరిగ్గా అప్పుడే ఆమె అడిగింది. "మీరు ఇంత దీక్షగా పనిచేస్తారు కదా, మీ అక్క మిమ్మల్ని ఎందుకలా తిడతారు?"

"ఒకసారి ఒక పెద్దాయన పళ్ళు ఇంకో పెద్దాయనకి ఇచ్చేశా."

"అయ్యో! తర్వాత?"

"ఇద్దరూ వారం రోజులు వాడుకున్నారు. ఇంత హాయిగా ఎప్పుడూ నమల్లేదని ఇద్దరూ ఫోన్ చేసి థాంక్స్ చెప్పారు."

ఆమె నవ్వింది. నవ్వడమంటే మామూలుగా కాదు, బల్ల పట్టుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఆ నవ్వు చూస్తూనే అతను అయస్కాంతం లోపల పెట్టి, స్క్రూ బిగించాడు.

ఇంజన్ని తిరగేసి తీగలు ఆనించాడు. చక్రాలు చప్పుడు లేకుండా, నిద్దట్లో ఊపిరి తీసినంత మెత్తగా తిరిగాయి. ఆమె చప్పట్లు కొట్టింది. తీగలు మార్చి ఆనిస్తే చక్రాలు ఇటువైపూ తిరుగుతాయి, అటువైపూ తిరుగుతాయి. ఏ తీగ ఎటుందో ఆ సంతోషంలో ఎవరికి గుర్తు?

ఆమె ఇంజన్ని డబ్బాలో పెట్టుకుని వెళ్ళాక అక్క లోపలి నుంచి వచ్చింది.

"ఇంజను బాగానే ఉన్నట్టుందిరా. నీ సంగతేంటి?"

"నాకేమైంది?"

"ఏం లేదు. స్పిరిట్ సీసా అనుకుని నా టీ కప్పులో బ్రష్ ముంచావు."

ఆదివారం వచ్చింది. బడి హాలు అద్దెకు తీసుకున్నారు. బల్లల చుట్టూ జనం. ప్రెసిడెంట్ గారు, అంటే ఆ బళ్ళోనే హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన పెద్దావిడ, మెడలో విజిల్ వేసుకుని తిరుగుతోంది. గోడ వారగా ఖాళీ పెట్టెలు దొంతరగా పేర్చి ఉన్నాయి. అతను వాటికి వీపు తిప్పి నిలబడ్డాడు.

ఆపరేటర్ గారు ఆఖరి వరసలో కూర్చున్నారు. సన్నటి మనిషి. ఒళ్ళో చేతులు పెట్టుకుని, నేలను చూస్తున్నారు. వచ్చి పలకరించినవాళ్ళకి తల ఊపి ఊరుకుంటున్నారు.

"ఇంటికెప్పుడు పోదాం అమ్మడూ?" అన్నారు కూతురితో.

"ఒక్క పందెం చూసి పోదాం నాన్నా."

విజిల్ మోగింది. ఇంజన్లు కదిలాయి. ఆమె మీటను వెంట్రుకవాసి తిప్పింది. ఆకుపచ్చ ఇంజను ఎంతో అందంగా, ఎంతో నిదానంగా, ఒక్క అదురు లేకుండా బయల్దేరింది.

వెనక్కి.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఎవరో ఫక్కున నవ్వారు. ఇంజను పెళ్ళికూతురిలా మెల్లగా వెనక్కి నడుచుకుంటూ పోయి, పట్టా చివరున్న చెక్కను తాకి ఆగింది. హాలంతా గొల్లుమంది.

ఇన్నాళ్ళ కష్టం, ఆ గది, ఆ పెద్దాయన, ఆమె, అన్నీ తన చేతుల్లోంచే జారిపోయాయి అనుకున్నాడు అతను.

"పరవాలేదమ్మా," అన్నారు ప్రెసిడెంట్ గారు జాలిగా. "కంట్రోలర్ మీద దిక్కు మార్చే స్విచ్ ఉంది కదా. అది నొక్కేస్తే ముందుకే పోతుంది. మళ్ళీ మొదలుపెడదాం."

"నొక్కడానికి వీల్లేదు!"

అందరూ వెనక్కి తిరిగారు. ఆఖరి వరసలో ఆపరేటర్ గారు లేచి నిలబడి ఉన్నారు.

"నా ఇంజన్లో తప్పు పెట్టుకుని, స్విచ్ నొక్కి నెట్టుకొస్తామా? ఎవరు విప్పారు దీన్ని?"

జనం దారి ఇచ్చారు. ఆయన విసవిసా నడిచి బల్ల దగ్గరికొచ్చారు. మన ఇంజన్ల డాక్టర్ చెయ్యెత్తాడు, బళ్ళో తప్పుచేసిన పిల్లాడిలా.

"నేనేనండీ."

"అయస్కాంతం తీశావా?"

"తీశానండీ."

"తిరగేసి పెట్టావు! తల ఎక్కడ పెట్టుకుని పనిచేశావయ్యా?"

తల ఎక్కడుందో అతనికి బాగా తెలుసు. చెబితే బాగోదు.

"తీసినప్పుడు ఇనప ముక్క పెట్టావా, అదీ లేదా?"

"పెట్టానండీ. వెంటనే పెట్టాను."

"పోనీలే. ఆ మాత్రం తెలుసు." ఆయన చెయ్యి చాపారు. "స్క్రూడ్రైవర్."

ఎవరో అందించారు. ఆయన చెయ్యి వణికింది. మొన స్క్రూ గాడిలో కుదరక పక్కకి జారింది. ఆమె పెదవి కొరుక్కుంటూ చూస్తోంది. డాక్టర్ బల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఇంజన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, వేలిని స్క్రూ పక్కన ఆనించి ఉంచాడు. స్క్రూడ్రైవర్ మొన ఆ వేలిని ఆసరా చేసుకుని గాడిలో కూర్చుంది.

"కదలకు," అన్నారు ఆపరేటర్ గారు.

"కదలనండీ."

అయస్కాంతం బయటికొచ్చింది, తిరిగింది, లోపలికి వెళ్ళింది. ఆయన ఇంజన్ని చెవి దగ్గర పెట్టుకుని చక్రాన్ని వేలితో తిప్పి విన్నారు. ముఖంలో ఏదో మారింది.

"లోపల మాత్రం శుభ్రంగా చేశాడు," అన్నారు, ఎవరితో అంటున్నారో తెలియకుండా.

"మీట నాకివ్వు అమ్మడూ."

ప్రెసిడెంట్ గారు విజిల్ మళ్ళీ ఊదారు. ఆ తర్వాత ఏం జరిగిందంటే, పెద్దగా ఏమీ జరగలేదు. అదే కదా అందం. మిగిలిన ఇంజన్లు కొన్ని చేరిపోయాయి, కొన్ని ఆగిపోయాయి. ఆకుపచ్చ ఇంజను నడుస్తూనే ఉంది. వణికే చెయ్యి మీట మీద వణకలేదు. కొంతసేపటికి పట్టాల మీద అదొక్కటే మిగిలింది. అది చివరి గీత దాటేసరికి ప్రెసిడెంట్ గారు విజిల్ ఊదడం కూడా మర్చిపోయి చప్పట్లు కొట్టారు.

క్లబ్ కుర్రాళ్ళు ఇద్దరు పెట్టెలు ఎత్తుకుని వచ్చారు. "ఆపరేటర్ గారూ, ఇంటికి వెళ్దామా?"

"ఎందుకు?"

"పట్టాలు... మీరే ఇచ్చేస్తానన్నారు కదండీ."

"ఎవరన్నారు?" అన్నారాయన చిరాగ్గా. "చాల్లే, పెట్టెలు అక్కడ పెట్టండి. ఆ సొరంగం దగ్గర పట్టా కుంగింది. ముందు అది చూడాలి."

ఆమె వెనక్కి తిరిగి గబగబా బయటికి వెళ్ళిపోయింది. డాక్టర్ వెనకే వెళ్ళాడు. వరండాలో స్తంభానికి ఆనుకుని ఏడుస్తోంది, నవ్వుతోంది కూడా. బయట వాన దంచుతోంది.

"సారీ అండీ," అన్నాడు. "ఎంత పొరపాటు చేశానో..."

"నాకు నిన్ననే తెలుసు."

"ఏంటి తెలుసు?"

"నిన్న ఇంట్లో పట్టా మీద పెట్టి చూశా. వెనక్కి పోయింది."

అతను బిత్తరపోయాడు. "మరి నాకు ఫోన్ చెయ్యలేదేం?"

"చేస్తే మీరు పరిగెత్తుకొచ్చి బాగుచేసేస్తారు. బాగా నడిచే ఇంజన్ని చూసి నాన్న బాగుందని తల ఊపి, కుర్చీలోనే కూర్చుంటాడు. తప్పుగా నడిస్తే మాత్రం కూర్చోలేడు. ఎంతైనా నాన్న కదా, నాకు తెలుసు."

"అంటే ఊరందరి ముందు నన్ను వెధవని చేశారు."

ఆమె ముఖం వాడిపోయింది. "చేశాను. మీకు కోపం వస్తుందని తెలిసే చేశాను. రాత్రంతా నిద్రపట్టలేదు. నాన్న లేస్తే చాలు, మీరు నన్ను ఇంకెప్పుడూ పలకరించకపోయినా సరే అనుకున్నా. అనుకున్నానే గానీ, ఆ రెండోది తలుచుకుంటే మాత్రం..." అని ఆగిపోయింది.

అతనికి కోపం వచ్చిన మాట నిజం. గొడుగు తెరిచి వానలోకి విసురుగా నడిచాడు కూడా. గేటు దాకా వెళ్ళి, ఇప్పుడు వెళ్ళిపోయినా రేపు పొద్దున ఆమె బస్సే ఎక్కాలని గుర్తొచ్చి, అంతకంటే ముఖ్యంగా తనకు ఆమెను విడిచి వెళ్ళాలని లేదని తెలిసి, వెనక్కి వచ్చాడు.

"నేను అయస్కాంతం తిరగేసి ఎందుకు పెట్టానో అడగవా?"

'అడగరా' అనలేదు. 'అడగవా' అన్నాడు. అది ఇద్దరికీ వినబడింది.

"ఎందుకు?" అంది ఆమె మెల్లగా.

"నువ్వు నవ్వావు. అది చూస్తూ బిగించేశా. నిన్ను ప్రేమిస్తున్నాను కాబట్టి ఇలాంటి పొరపాట్లు ఇంకా చాలా చేస్తాను. ముందే చెబుతున్నా."

"బస్సు నడిపేటప్పుడు నువ్వు ముందు సీట్లో కూర్చోకు అయితే," అంది ఆమె కళ్ళు తుడుచుకుంటూ. "అన్నీ ముసలమ్మల ప్రాణాలు."

అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ముసలమ్మలను తూలనివ్వని ఆ చెయ్యి అతని వేళ్ళను గట్టిగా పట్టుకుంది.

"ఏమయ్యా డాక్టరూ!"

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. హాలు గుమ్మంలో ఆపరేటర్ గారు ఇంజను డబ్బా చంకన పెట్టుకుని నిలబడి ఉన్నారు. ఎంతసేపటి నుంచి ఉన్నారో ఆయనకే తెలియాలి. ఇద్దరి చేతుల వంకా చూశారు. గొంతు సవరించుకున్నారు.

"రేపు సాయంత్రం ఇంటికి రా. సొరంగం దగ్గర పట్టా ఎత్తాలి. నా వేళ్ళు ఒక్కోసారి మాట వినవు, పక్కన ఒక వేలు ఆసరా కావాలి."

"వస్తానండీ."

"రేపొక్క రోజుతో అయ్యే పని కాదది. వారాలు పడుతుంది. ఏళ్ళు కూడా పట్టొచ్చు."

అతను గొడుగు ఆయన వైపు చాపాడు. ఆమె నవ్వు ఆపుకుంటూ నాన్న చంకలోంచి డబ్బా అందుకుంది.

"ఆ గదిలో కుర్చీలు రెండే ఉన్నాయి నాన్నా."

"అయితే దారిలో ఇంకోటి కొనుక్కుని పోదాం," అన్నారు ఆపరేటర్ గారు, ఎర్ర గొడుగు కిందికి వస్తూ. "చేతులున్న కుర్చీ చూడు. పిల్లాడు చాలాసేపు కూర్చోవాలి."